బంగారం కన్నా స్టీలు ప్రియం

పాత వస్తువుకి ధర కట్టడంలో మనవాళ్ళది ఒకటే లెక్క. తూకం వెయ్యి, ఆ రోజు రేటుతో గుణించు, తరుగు తీసెయ్యి, మిగిలిందే విలువ. మా అమ్మమ్మ దగ్గర్నించి నగల కొట్టు సేటు దాకా అందరిదీ ఇదే సూత్రం. నగల విషయంలో ఇందులో తప్పు పట్టేదేం లేదు. కానీ ఇదే సూత్రం పట్టుకుని పాత చేతి గడియారాల బజారులోకి వెళ్తే మాత్రం బుర్ర తిరుగుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. పాటెక్ ఫిలిప్ అనే స్విస్ కంపెనీ 1941లో 1518 అనే నంబరుతో ఒక వాచీ తెచ్చింది. అందులో స్టాప్ వాచీ ఉంటుంది. తేదీ, వారం, నెల, లీపు సంవత్సరంతో సహా అదే చూసుకుంటుంది. మొత్తం చేసినవి 281. దాదాపు అన్నీ బంగారంవే. స్టీలువి బయటపడినవి నాలుగే నాలుగు. 2016 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ వాళ్ళ వేలంలో ఆ నాలుగింట్లో ఒకటి కోటీ పది లక్షల స్విస్ ఫ్రాంకులకి పోయింది. అదే నంబరు, అదే యంత్రం, పైన బంగారం ఉన్నదానికి మామూలుగా అందులో చిన్న వంతే వస్తుంది! సేటు గారికి ఈ సంగతి చెప్తే నన్ను కొట్లోంచి బయటికి పంపించేస్తాడు.

సరే, స్టీలువి తక్కువ ఉన్నాయి కాబట్టి ఎక్కువ ధర అనుకుందాం. కానీ ఒక్కటే ఉన్న వస్తువులు లోకంలో బోలెడు. మా వీధి చివర వెల్డింగు షాపతను చేసిన గేటు కూడా లోకంలో ఒక్కటే. అది కొనడానికి జెనీవాలో ఎవరూ చెయ్యెత్తరు కదా. అంచేత తక్కువ ఉండటం ఒక్కటే చాలదు. ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో తెలియాలంటే గడియారానికి పని లేకుండా పోయిన రోజుల్లోకి వెళ్ళాలి.

1969 డిసెంబరు 25న టోక్యోలో సీకో కంపెనీ ఆస్ట్రాన్ అనే చేతి గడియారం అమ్మకానికి పెట్టింది. ధర 4,50,000 యెన్లు, అప్పట్లో ఒక చిన్న టొయోటా కారు ఖరీదంత. అందులో ఊగే చక్రం లేదు. దాని బదులు ఒక క్వార్ట్జ్ ముక్క, దానికి కరెంటు ఇస్తే సెకనుకి 8,192 సార్లు కంపిస్తుంది. తరవాత వచ్చినవాటిలో ఇది 32,768 అయ్యింది. నాలాగా రోజంతా కంప్యూటర్ ముందు కూచునేవాళ్ళకి ఈ అంకె చూడగానే ఎక్కడో చూసినట్టు ఉంటుంది. రెండుని పదిహేనుసార్లు గుణిస్తే వచ్చేదే ఇది. పదిహేనుసార్లు సగం చేస్తూ పోతే సరిగ్గా సెకనుకి ఒక్క దెబ్బ. ఎంత ముచ్చటైన డిజైన్ చూడండి!

స్ప్రింగుతో నడిచే మంచి స్విస్ గడియారం సెకనుకి ఎనిమిది దెబ్బలు వేస్తుంది. ఈనాటికీ స్విట్జర్లాండులో క్రోనోమీటర్ అనే సర్టిఫికెట్ రావాలంటే రోజుకి నాలుగు సెకన్లు వెనకా, ఆరు సెకన్లు ముందూ దాకా తేడా ఉండొచ్చు. ఆస్ట్రాన్ తేడా నెలకి అయిదు సెకన్లు. అంటే ఇంజినీరు లెక్కలో పోటీ అక్కడితో అయిపోయింది. ఇవాళ ఫుట్‌పాత్ మీద రెండు వందలకి దొరికే వాచీ లక్షల ఖరీదు చేసే రోలెక్స్ కన్నా సరైన టైము చూపిస్తుంది. ఇది వెటకారం కాదు, లెక్క.

స్విట్జర్లాండులో దీని ఫలితం భయంకరం. 1970లో గడియారాల పరిశ్రమలో 90,000 మంది దాకా పనిచేసేవాళ్ళు, 80ల మధ్యకొచ్చేసరికి ముప్ఫై వేల చిల్లర మిగిలారు. తరతరాలుగా పళ్ళ చక్రాలు చెక్కిన ఊళ్ళు ఖాళీ అయ్యాయి. పాత యంత్రాల్ని తుక్కు కింద కిలోల లెక్కన అమ్మేశారు. చూశారా, మళ్ళీ తూకం లెక్కే!

ఈ తుక్కు రోజుల్లో జరిగిన ఒక సంగతి నాకు చాలా ఇష్టం. ల లోక్ల్ అనే ఊళ్ళో జెనిత్ అనే గడియారాల కంపెనీ ఉంది. 1969లోనే ఎల్ ప్రిమెరో అని సొంతంగా చుట్టుకునే స్టాప్ వాచీ యంత్రం చేశారు, గంటకి 36,000 దెబ్బలు. ఆ తరవాత కంపెనీ అమెరికా వాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. షికాగోలో టీవీలూ రేడియోలూ చేసే వేరే జెనిత్ ఒకటుండేది, పేరు కలవడం కాకతాళీయం. 1975లో ఆ యాజమాన్యం ఇక స్ప్రింగు గడియారాలు వద్దు, పనిముట్లు అమ్మేయండి అని ఆర్డరేసింది. వర్క్‌షాపులో షార్ల్ వెర్మో అనే ఫోర్‌మన్ ఉండేవాడు. వద్దని ఉత్తరం రాశాడు, ఎవరూ వినలేదు. అప్పుడు ఆయన పనిముట్లన్నీ, అచ్చులన్నీ కొంచెం కొంచెంగా ఒక భవనం అటక మీదకి చేరేసి, ఏది దేనికో పుస్తకాల్లో రాసిపెట్టి, అటకకి అడ్డంగా గోడ కట్టించేశాడు. సర్వర్ చెరిపెయ్యమని మేనేజర్ మెయిల్ పెడితే, చెరిపే ముందు బాకప్ తీసి ఎవరికీ చెప్పకుండా దాచిన సిస్టమ్ అడ్మిన్ అన్నమాట. పైగా డాక్యుమెంటేషన్‌తో సహా!! నేను చూసిన ప్రాజెక్టుల్లో అదొక్కటే ఎప్పుడూ దొరకదు.

80లలో స్ప్రింగు వాచీల మీద మళ్ళీ మోజు పుట్టింది. టైము చూసుకోవడానికి కాదు. చేత్తో చేసిన యంత్రం కాబట్టి, ఇక ఎవరూ చెయ్యరేమో అనే బెంగ కొద్దీ. 1984లో జెనిత్‌లో ఎల్ ప్రిమెరో తయారీ మళ్ళీ మొదలైంది, వెర్మో అటక తెరిచి చూపించిన పనిముట్లతోటే. 1988లో రోలెక్స్ కొత్త డేటోనా వాచీకి ఈ యంత్రాన్నే తీసుకుని, దెబ్బలు 28,800కి తగ్గించి, చాలా మార్పులు చేసి పెట్టింది. దాని కోసం షాపుల ముందు జనం పేర్లు రాయించుకుని ఎదురుచూడటం మొదలెట్టారు. కొత్తది దొరకని వాళ్ళ కళ్ళు పాత డేటోనాల మీద పడ్డాయి. ఆ పాతవేమో అంతదాకా అమ్ముడుపోక షాపుల్లో మూలిగినవి.

డేటోనా 1963లో వచ్చింది. కారు రేసులవాళ్ళ కోసం. చేత్తో కీ ఇచ్చుకోవాలి, స్టీలు కేసు, అప్పట్లో రెండొందల చిల్లర డాలర్లు. వీటిలోనే కొన్నిటికి వేరే రకం డయల్ వేసేవాళ్ళు. లోపలి చిన్న వృత్తాల్లో గీతల చివర చిన్న చదరాలు, అంకెలు కొంచెం పాత సినిమా టైటిల్స్‌లాగా ఉంటాయి. జనానికి నచ్చలేదు. ఈ డయల్ ఉన్నవి ఇంకా నెమ్మదిగా కదిలేవి. అలాంటిదే ఒకటి (నంబరు 6239) హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్‌కి ఆయన భార్య జోన్ వుడ్‌వర్డ్ 1968 ప్రాంతాల్లో న్యూయార్కులో కొనిచ్చింది. అప్పుడాయన రేసు డ్రైవరుగా ఒక సినిమా చేస్తున్నాడు, నిజంగానే రేసుల పిచ్చి పట్టింది. జాగ్రత్తగా నడుపు, నేను, అని అర్థమొచ్చే మూడు ముక్కలు వాచీ వెనక చెక్కించి ఇచ్చింది. ఆయన ఆ వాచీ పెట్టుకున్న ఫొటోలు లోకమంతా తిరిగాయి. తరవాత ఇటలీలో వాచీలు పోగుచేసేవాళ్ళు ఆ రకం డయల్‌కి పాల్ న్యూమన్ డయల్ అనే పేరు తగిలించారు. ఎవరూ కొనని డయల్ కాబట్టి తక్కువ తయారైంది, తక్కువ తయారైంది కాబట్టి ఇప్పుడు ఎక్కువ ధర. ఫ్లాపైన సినిమా ప్రింటు కోసం ముప్ఫై ఏళ్ళ తరవాత కొట్టుకున్నట్టు.

మరి అసలు న్యూమన్ వాచీ ఏమైంది? 1984లో ఆయన తన కూతురు నెల్ స్నేహితుడు జేమ్స్ కాక్స్ అనే కుర్రాడికి ఇచ్చేశాడు. వేలంలో కాదు, కాగితాల మీద కాదు. ఆ కుర్రాడు ఇంట్లో ఏదో చెక్కపని చేస్తున్నాడు, టైమెంతని ఆయన అడిగితే నా దగ్గర వాచీ లేదన్నాడు, ఆయన చేతిది తీసి ఇచ్చాడు, అంతే. కాక్స్ దాన్ని మామూలు వాచీలాగే ఏళ్ళ తరబడి వాడుకున్నాడు. చివరికి 2017 అక్టోబరు 26న న్యూయార్కులో ఫిలిప్స్ వేలానికి పెట్టారు. మొదటి పాటే కోటి డాలర్లు! పన్నెండు నిమిషాల్లో సుత్తి పడింది. కొన్నవాడు కట్టింది 1,77,52,500 డాలర్లు, అప్పటి రేటులో సుమారు 115 కోట్ల రూపాయలు. చేతి గడియారాల్లో అదే రికార్డు, 2019 నవంబరు దాకా.

ఇక్కడ ఒక చిన్న లెక్క. సుత్తి పడింది కోటీ 55 లక్షల దగ్గర. మిగతాది కొన్నవాడి దగ్గర వేలం సంస్థ తీసుకునే కమీషను. పేపర్లో వచ్చే ధర వేరు, అమ్మినవాడి చేతికొచ్చేది వేరు. మామూలు అమ్మకాల్లో అమ్మినవాడి దగ్గర కూడా కొంత కోసుకుంటారు. నెట్‌లో ఎవరో అడుగుతున్న రేటు చూసి నా వాచీ ఖరీదు ఇంత అనుకునేవాళ్ళు చాలామంది. అడిగే రేటుకి పన్ను లేదు కాబట్టి ఎవడెంతైనా అడుగుతాడు. అమ్ముడైన రేటు చూడాలి.

న్యూమన్ కథలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం రెండో వాచీ. ఆయనకి 80లలో భార్యే ఇంకో డేటోనా ఇచ్చింది, దాని వెనక కూడా నెమ్మదిగా నడుపు అని చెక్కించి. నల్ల డయల్, కానీ పాల్ న్యూమన్ డయల్ కాదు, మామూలుది. అది 2020 డిసెంబరులో అదే ఫిలిప్స్‌లో 54,75,000 డాలర్లకి పోయింది. అదే మనిషి, అదే భార్య, దాదాపు అవే మాటలు, మూడో వంతు కూడా రాలేదు. అంటే న్యూమన్ చెయ్యి తగలడం ఒక్కటే ధర కాదు. ఆయన పేరు ఆ డయల్‌కి పెట్టడానికి కారణమైన వాచీ ఇదీ అని వేలు పెట్టి చూపించగలగడం, అందుకు ఫొటోలు, వెనక చెక్కిన అక్షరాలు, ఎవరి చేతిలోంచి ఎవరికి వెళ్ళిందో చెప్పే కాక్స్, ఇవన్నీ ఒకదానికొకటి సరిపోవడం. నా ఉద్దేశంలో పాత వాచీ ఒక యంత్రం కాదు, నగ కాదు. అది దస్తావేజు. దస్తావేజులో కొట్టివేతలూ దిద్దుబాట్లూ ఉంటే రిజిస్ట్రారు ఎలా చూస్తాడో కొనేవాడూ అలాగే చూస్తాడు.

మనవాళ్ళకి మింగుడుపడని సంగతి ఇదే. మా పెదనాన్న 1979లో కువైట్‌లో ఉండగా ఒక ఒమేగా కొనుక్కున్నాడు. మా ఇళ్ళల్లో ఎవరికీ లేని వస్తువది, పెళ్ళిళ్ళకి తప్ప తీసేవాడు కాదు. మొన్నామధ్య మనవడికి ఇంజినీరింగ్ సీటొచ్చింది, మొదటి ఏడాది ఫీజుకి తక్కువ పడి దాన్ని అమ్ముదామనుకున్నాడు. నాకు ఫోన్ చేసి "ఏరా, నువ్వు నెట్‌లో అన్నీ చూస్తావుగా, దీని రేటెంతో చూసి చెప్పు" అన్నాడు. ఫొటోలు పంపించమన్నాను. చూసేసరికి డయల్ తళతళలాడిపోతోంది. అమ్మే ముందు కొత్తగా కనపడాలని ఊళ్ళో వాచీ కొట్లో ఇచ్చాడట. వాళ్ళు పాత రంగు గీకేసి, అదే రేకు మీద కొత్త రంగేసి, ఒమేగా అని మళ్ళీ అచ్చు గుద్దారు. కేసుని చక్రం మీద పెట్టి అంచులు గుండ్రంగా అయ్యేదాకా పాలిష్ పట్టారు. దగ్గర్నించి చూస్తే నిమిషాల గీతలు గంటల గుర్తులకి ఎదురుగా లేవు. ముగ్గురు కొనేవాళ్ళకి చూపించాం, ముగ్గురూ ఒకే మాట: డయల్ ఒరిజినల్ కాదండీ. పాతది ఉండుంటే నలభై, యాభై వేలు పలికేదట, ఇప్పుడు పద్దెనిమిది. "మరకలు పోగొట్టి ఇస్తే తక్కువంటారేంట్రా!" అని పెదనాన్న ఒకటే బాధ. నేనేం చెప్తాను? నలభై ఏళ్ళ మరకలకే వాళ్ళు డబ్బులిచ్చేదని ఆయనకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయన వాచీ అమ్మలేదు, కౌలు డబ్బులు ముందే తెచ్చి ఫీజు కట్టాడు. ఆ గీకేసిన రంగు మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

ఇలా రంగేసిన పాత స్విస్ వాచీలు, మన హెచ్ఎంటీలు కూడా ఇండియా నుంచి కుప్పలు తెప్పలుగా నెట్‌లో అమ్మకానికి వస్తుంటాయి. బయటి దేశాల వాళ్ళు వీటికి ముంబై స్పెషల్ అని వెక్కిరింపు పేరు పెట్టారు. హెచ్ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ వాళ్ళ సాయంతో బెంగుళూరులో వాచీలు మొదలుపెట్టింది, 1987 నుంచి టైటాన్ క్వార్ట్జ్‌తో దెబ్బ కొట్టింది, 2016లో కేంద్రం హెచ్ఎంటీ వాచీల కంపెనీ మూసేస్తున్నామని నిర్ణయం తీసుకుంది. స్విట్జర్లాండులో జరిగిందే ఇక్కడా జరిగింది, మూసేశాకే అందరికీ ప్రేమ పుట్టింది. మీ తాతగారి జనతా వాచీ బీరువాలో ఉంటే దయచేసి దాని మొహానికి సున్నం కొట్టించకండి.

దస్తావేజుకి ధర ఉందంటే దొంగ దస్తావేజు కూడా పుడుతుంది కదా. 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ వేలానికి 1957 నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి వచ్చింది. నల్ల డయల్ ఏళ్ళ తరబడి ఎండకి కాఫీ రంగులోకి మారింది. ట్రాపికల్ అంటారు దీన్ని, అంటే రంగు వెలిసిపోయినందుకు ఎక్కువ ధర అన్నమాట. లక్ష ఫ్రాంకులు రావొచ్చని అంచనా. 31,15,500 ఫ్రాంకులకి పోయింది. కొన్నది ఎవరో తెలుసా? ఒమేగా వాళ్ళే, తమ మ్యూజియం కోసం. రెండేళ్ళ తరవాత, 2023లో, అది వేర్వేరు పాత వాచీల ముక్కలు కలిపి కుట్టిన బొంత అని ఒమేగాయే ప్రకటించింది. తమ దగ్గర పనిచేసిన ముగ్గురు మాజీ ఉద్యోగుల చెయ్యి ఇందులో ఉందనీ, వాళ్ళలో ఒకాయన మ్యూజియం వ్యవహారాలు చూసినవాడేననీ, ఇది తప్పకుండా కొనాలని పైవాళ్ళకి నచ్చజెప్పింది ఆయనేననీ కంపెనీ మాట. తయారుచేసిన కంపెనీ, పాత రికార్డులన్నీ దగ్గరున్న కంపెనీ, అదే మోసపోతే మా పెదనాన్న లాంటివాడి సంగతేంటి? మా భాషలో చెప్పాలంటే, పాస్‌వర్డ్‌లు దాచే మనిషే లోపల్నించి తలుపు తీశాడు. అలాంటప్పుడు ఏ ఫైర్‌వాలూ పనిచెయ్యదు.

ఈ భయం లోంచే కావచ్చు, 2022 డిసెంబరులో రోలెక్స్ తనే సెకండ్ హాండ్ వాచీలకి సీలు వేసి రెండేళ్ళ గ్యారంటీ ఇవ్వడం మొదలుపెట్టింది, కొన్ని షాపుల ద్వారా. అప్పటికే, అదే ఏడాది మొదట్లో ఆకాశానికెళ్ళిన పాత వాచీల రేట్లు కిందకి జారుతున్నాయి. మామూలుగా వాడుకోవడానికి కొనేవాడికి ఈ సీలు మంచిదే, దొంగ సరుకు భయం ఉండదు. అమ్మేవాడు మాత్రం ఒక సంగతి చూసుకోవాలి. కంపెనీ సర్వీసింగ్ అంటే వాళ్ళ దృష్టిలో వాచీ నీళ్ళు చొరకుండా, టైము సరిగ్గా చూపించేలా చెయ్యడం. అందుకని పాత రోజుల్నించీ వెలిసిన ముళ్ళు, మరకపడ్డ డయళ్ళు తీసేసి కొత్తవి వెయ్యడం స్విస్ కంపెనీల సర్వీసు సెంటర్లలో మామూలే. మా ఊరి కొట్టువాడు చేసిందే, కాకపోతే తెల్లకోటు వేసుకుని, రసీదు ఇచ్చి. వెర్మో అటక మీద దాచింది పనిముట్లని. ఇక్కడ దాచుకోవాల్సినవి ఆ తీసేసిన ముక్కలే. మీ ఇంట్లో పాత స్విస్ వాచీ ఉండి సర్వీసుకి ఇస్తుంటే, ఇచ్చేముందు ముందూ వెనకా ఫొటోలు తియ్యండి, డయల్, ముళ్ళు మార్చొద్దు, కేసు పాలిష్ పట్టొద్దు అని రసీదు మీదే రాయించండి. తప్పక మార్చాల్సొస్తే పాత ముక్కల్ని కవర్లో పెట్టి తిరిగి ఇమ్మనండి. కొందరు ఇవ్వమంటారు. అప్పుడు వాచీ వెనక్కి తెచ్చేసుకోండి, టైము చూసుకోవడానికి ఫోనుంది కదా.